చివరి చాప దాకా వాక్యం

ఆదివారం ఉదయం. గంట మోగింది. మందిరంలో ముందు చాపలు నిండాయి, వెనుక కుర్చీలు నిండుతున్నాయి. ప్రారంభ కీర్తన ఎత్తుకోగానే మైకు కీచుమని కూసింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. వేదిక మీదినుంచి అయ్యగారు మిక్సరు దగ్గరున్న కుర్రవాడివైపు చూశారు. ఆ కుర్రవాడు కంగారులో ఒక మీట బదులు మరో మీట తిప్పాడు. కూత ఆగింది. దానితోపాటు కీర్తన కూడా ఆగింది. "పోయిన వారం బాగానే ఉంది కదా, ఈ వారం ఏమైంది?" అని పెద్దలు గుసగుసలాడుకున్నారు.

ప్రియ పాఠకులారా! మీరు ఏ సంఘానికి చెందినవారైనా ఈ దృశ్యం మీకు కొత్తది కాదు. మైకు ఉన్న ప్రతి మందిరంలోనూ ఎప్పుడో ఒకసారి ఇది జరిగే ఉంటుంది. అయితే అందరూ చెవులు మూసుకునే ఆ కూత నిజమైన కష్టం కాదు. అది అందరికీ తెలుస్తుంది కనుక ఎవరో ఒకరు సరిచేస్తారు. ఎవరికీ తెలియని కష్టం మరొకటుంది. వెనుక కూర్చున్నవారికి చప్పుడు వినిపించి, మాట అర్థం కాకపోవడమే అది.

ఈ మాట నేను ఒకరిని తప్పుపట్టడానికి రాయడం లేదు. కొన్నేళ్ళపాటు ఒక పట్టణ సంఘంలో ఆ మిక్సరు దగ్గర కూర్చున్నవాణ్ణి నేనే. మా మందిరంలో తలుపు పక్కన ఒక కుర్చీలో ఒక వృద్ధురాలు కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులవల్ల చాపమీద కూర్చోలేరు, ముందుకు రాలేరు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆమెను ఇంటిదగ్గర దింపుతూ, "మామ్మగారూ, ఈవేళ వాక్యం ఎలా ఉందండీ?" అని అడిగాను. ఆమె ఏ నిష్ఠూరమూ లేకుండా, "చప్పుడు బాగానే వినబడింది నాయనా. మాట తెలియలేదు. అయ్యగారు చెయ్యెత్తి చెబుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏ అధ్యాయమో పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని, ఇంటికి వెళ్ళాక మనవరాలిచేత చదివించుకుంటాను" అన్నారు. రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది అదేనట. ఆ రెండేళ్ళూ నేను చేసింది శబ్దం పెంచడమే.

ఎజ్రా ఎక్కిన పీట

వాక్యం వినబడాలన్న శ్రద్ధ నేటిది కాదు. నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం చదవండి. నీటి గుమ్మం ఎదుటి మైదానంలో స్త్రీలు, పురుషులు, గ్రహించగలిగిన వారందరూ కూడివచ్చారు. ఎజ్రా ఆ పనికోసమే కొయ్యతో చేయించిన ఎత్తైన పీట ఎక్కాడు. లేవీయులు స్పష్టంగా చదివి, భావం విడమరచి, జనులు గ్రహించేలా చేశారు. ఎత్తైన పీట, స్పష్టమైన పలుకు, అర్థమయిందా లేదా అని చూసే మనుషులు. ఆ మూడూ చేరినప్పుడే ఆ దినాన జనులు కన్నీరు విడిచారు, ఆ తరువాత ఆనందించారు.

సువార్తలలో ప్రభువు సముద్రతీరాన దోనె ఎక్కి కూర్చున్నాడు. జనసమూహం ఒడ్డున నిలిచింది. ఆయనకూ జనానికీ నడుమ కొంత నీరు ఉండడంతో తోపులాట తగ్గింది, ముఖం అందరికీ కనబడింది, మాట అడ్డు లేకుండా ఒడ్డుకు చేరింది. వినేవాడి సౌకర్యం బోధకుడి బాధ్యతలో భాగమని అక్కడ మనకు కనబడుతుంది. స్పష్టత లేని బూర ఊదితే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని కొరింథు సంఘాన్ని అపొస్తలుడు ప్రశ్నించినది కూడా ఈ అర్థంలోనే. విశ్వాసం వినడంవల్ల కలుగుతుందని నమ్మే సంఘం, వినబడడాన్ని అదృష్టానికి వదిలిపెట్టడం న్యాయమా?

గోడలు కూడా మాట్లాడతాయి

మన మందిరాలను ఒకసారి పరికించండి. పల్లెలో అయితే రేకుల కప్పు. పట్నంలో అయితే కాంక్రీటు శ్లాబు, నేలకు టైల్సు, కిటికీలకు అద్దాలు. చూడడానికి శుభ్రం, కడగడానికి సులువు. కాని ఇవన్నీ గట్టి తలాలు. శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. వక్త పలికిన మాట ఒకసారి నేరుగా చెవికి చేరుతుంది. తరువాత గోడలు, కప్పు, నేల అదే మాటను వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ పంపుతాయి.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలకు ఈ జబ్బే పట్టుకుంది. ఖాళీ గదిలో ఒక ధ్వని పుట్టిస్తే అది దాదాపు ఐదున్నర సెకన్లపాటు వినబడుతూ ఉండేది. దాన్ని బాగుచేసే పని వాలేస్ సేబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. అతడు రాత్రివేళల్లో దగ్గరలోని నాటకశాలనుంచి మెత్తలు మోసుకొచ్చి పరిచి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, ధ్వని ఎంతసేపటికి ఆరిపోతుందో గడియారంతో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ ప్రతిధ్వని తగ్గింది. మనుషులు కూర్చున్నా తగ్గింది. మన శరీరం, మన బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి.

మన సంఘాల చిక్కుకు సగం జవాబు ఇందులోనే ఉంది. శనివారం సాయంత్రం ఖాళీ మందిరంలో సరిచూసిన ధ్వని, ఆదివారం మూడు వందలమంది కూర్చున్నప్పుడు అలాగే ఉండదు. వానకు జనం పలుచబడిన ఆదివారం ఒక రకం, క్రిస్మస్ నాడు వరండా దాకా నిండినప్పుడు మరో రకం. మీటలు మారకపోయినా మందిరమే మారుతోంది.

దీనికి మన భాష స్వభావం కూడా తోడవుతుంది. తెలుగు అజంత భాష. మన మాటలు చాలామట్టుకు అచ్చుతో ముగుస్తాయి. పాడుకోవడానికి ఆ గుణమే అందం. కాని ప్రతిధ్వనించే గదిలో ఆ చివరి అచ్చు సాగి, తరువాతి మాటలోని మొదటి హల్లును కప్పేస్తుంది. అచ్చులు బలమైనవి, హల్లులు సున్నితమైనవి. 'పాట', 'బాట', 'మాట' అనే మూడింటికీ తేడా ఒక్క హల్లే. అది పోతే 'ఆట' అన్న మోత మాత్రమే మిగులుతుంది. వయసు పైబడినవారికి మొదట తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడి. హల్లుల స్పష్టత చాలావరకు ఉండేది అక్కడే. అందువల్ల శబ్దం పెంచితే మామ్మగారికి మోత పెరిగింది గాని, మాట తెలియలేదు. పెద్దగా వినిపించడం వేరు, స్పష్టంగా వినిపించడం వేరు. ఈ తేడా తెలియక నేను రెండేళ్ళు పోగొట్టాను.

మైకులు లేనినాడు

మెదక్ కెథడ్రల్‌ను చూసినవారు ఈ సంగతిని మరింత బాగా గ్రహిస్తారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో వెలసి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ ఆలయం సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు కలది. నేటి మైకుసెట్లు ఊళ్ళలో వాడుకలోకి రాని రోజులవి. దాని పైకప్పును శబ్దం పీల్చుకొనే బోలు పదార్థంతో కట్టారని ఆ కట్టడాన్ని వర్ణించేవారు చెబుతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. అంటే అంత పొడవు శాలలో ఈ చివరినుంచి ఆ చివరికి మాట చేరడానికి దాదాపు ఐదోవంతు సెకను పడుతుంది. అలాంటిచోట వడివడిగా మాట్లాడితే మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. నిదానంగా, మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటూ మాట్లాడవలసిందే.

మన పాత కీర్తనల పద్ధతి కూడా అలాంటిదే. కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఒకరు చరణం ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. చదువురాని తల్లి కూడా ఆ చరణం విని, మళ్ళీ పాడేది. అక్కడ పాట నడిపేవాడికి మొదటి పని వినిపించడం, రెండో పని వినడం. సంఘం గొంతు తనకు వినబడకపోతే అతడు ఆగేవాడు. నేడు వేదిక మీది గొంతు ఒక్కటే వినబడుతోంది. సంఘం పాడుతోందో లేదో తెలుసుకునే వీలు చాలాచోట్ల పోయింది.

పోటీ పెరిగితే పాట పోతుంది

వారంవారం ధ్వని మారిపోవడానికి మరో కారణం మనలోనే ఉంది. తన గొంతు తనకు వినబడలేదని పాడేవారు మైకు పెంచమంటారు. కీబోర్డు వినబడలేదని ఆ సోదరుడు తన మీట తానే పెంచుకుంటాడు. ఇక డ్రమ్సు ఊరుకుంటాయా? పది నిమిషాల్లో అన్నీ కొసకు చేరతాయి. అప్పుడు మైకు కూస్తుంది. తప్పు మైకుది కాదు. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో దూరి, మళ్ళీ స్పీకరులోంచి వచ్చి, ఆ చుట్టు ఆగకుండా తిరగడమే కూత. తెరిచి వదిలేసిన ప్రతి మైకూ ఆ ముప్పును పెంచుతుంది.

సొలొమోను మందిర ప్రతిష్ఠ సంగతి గుర్తు చేసుకోండి. బూరలు ఊదేవారు, పాడేవారు ఒక్కటై, ఏకశబ్దంగా వినబడేలా స్తుతించినప్పుడు మందిరం మేఘంతో నిండిందని దినవృత్తాంతాల గ్రంథం చెబుతోంది. అందరూ గట్టిగా పాడినప్పుడు అనలేదు, అందరూ ఒక్కటైనప్పుడు అన్నది. అలాగే దావీదు కాలంలో లేవీయుల పాటను నడిపే పని కెనన్యాకు అప్పగించారు. అతడు అందులో ప్రవీణుడు గనుక అప్పగించారని గ్రంథమే కారణం చెబుతోంది. ధ్వని చూసుకునే పనికి కూడా ఎవరు ఖాళీగా ఉంటే వారిని కాక, నేర్చుకున్నవారిని నియమించడం సంఘం ధర్మం.

చేయదగినవి

ఇందుకు లక్షల రూపాయల సామగ్రి అక్కరలేదు. ఉన్నదాన్ని క్రమంగా వాడడమే ముఖ్యం. మా సంఘంలో మేము నేర్చుకున్న సంగతులు కొన్ని మీ ముందుంచుతున్నాను.

మొదటిది, మైకుకూ నోటికీ మధ్య దూరం. అది రెట్టింపయితే మైకుకు చేరే ధ్వని సుమారు ఆరు డెసిబెళ్ళు తగ్గుతుంది. బెత్తెడు దూరంలో మొదలుపెట్టి, ఆవేశంలో జానెడు దాటి తల తిప్పి మాట్లాడితే మిక్సరు దగ్గరున్నవాడు ఏమి చేయగలడు? ప్రసంగికులు ఒకే దూరం పాటిస్తే సగం కష్టం తీరుతుంది.

రెండవది, స్పీకర్లు ఉన్నచోటు. అవి మైకుకు వెనుక ఉండకూడదు. మైకుకు ముందువైపున, మనిషి తలకన్నా ఎత్తులో, కప్పువైపు కాక కూర్చున్నవారివైపు వంగి ఉండాలి. మందిరం పొడవైనదై వెనుక కూడా స్పీకర్లు పెడితే, వాటి ధ్వనిని కొంచెం ఆలస్యం చేసే ఏర్పాటు కావాలి. లేకపోతే వెనుకవారికి అదే మాట దగ్గరి స్పీకరులోంచి ముందు, దూరపు స్పీకరులోంచి తరువాత, రెండుసార్లు వినబడుతుంది.

మూడవది, ఎకో. పాటకు కాస్త ఎకో అందమే. వాక్యానికి అది అడ్డు. గోడలు ఇచ్చే ప్రతిధ్వని చాలదన్నట్టు మిక్సరులో మరికొంత కలపడమెందుకు? పాట ముగియగానే ఎకో తీసేయడం, వాడని మైకులు కట్టేయడం అలవాటు చేసుకోవాలి.

నాలుగవది, ఒక నోటుపుస్తకం. ఏ మీట ఎక్కడ ఉంటే బాగుందో, ఆనాడు ఎంతమంది వచ్చారో, ఏది మార్చామో ప్రతి ఆదివారం రెండు వాక్యాలు రాయండి. ఆరు నెలలకు ఆ పుస్తకమే మీ మందిరానికి గురువవుతుంది. మీటల పక్కన రంగు కాగితం ముక్క అంటిస్తే కొత్తవారు వచ్చినా మళ్ళీ అదే స్థానానికి తేవచ్చు. ఒకరే కాక ఇద్దరు ముగ్గురు యువతీయువకులు ఈ పని నేర్చుకోవాలి. ఒకరికి జ్వరం వస్తే సంఘమంతా బాధపడకూడదు కదా!

ఐదవది, గోడలు. వెనుక గోడకు మందపాటి తెరలు కట్టినా, జంపఖానాలు వేలాడదీసినా ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. మేము మొదట చేసింది ఇదే. పైసా ఖర్చు కాలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నడక. 1739లో ఫిలడెల్ఫియా నగరంలో జార్జి వైట్‌ఫీల్డ్ ఆరుబయట ప్రసంగిస్తుండగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక పని చేశాడు. మాట ఎంతదూరం స్పష్టంగా వినబడుతుందో తెలుసుకోవాలని వీధివెంట వెనక్కి నడుచుకుంటూ పోయాడు. ఆ దూరాన్ని బట్టి ముప్పైవేలమందికి పైగా ఆ గొంతు వినగలరని లెక్క కట్టాడు. మైకు లేని కాలంలో ఆయన చేసిన పని మనం మైకు ఉండి కూడా చేయడం లేదు. ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకు మిక్సరు దగ్గరినుంచి లేచి, చివరి చాప దాకా నడిచి, అక్కడ ఒక నిమిషం నిలబడి వినండి. మీ చెవి ఉన్నచోట కాదు, ఆ చివరి మనిషి చెవి ఉన్నచోట మీ పని ముగుస్తుంది.

పొరుగువాడి చెవి

మాట చివరి చాప దాకా చేరాలి గాని, చివరి వీధి దాకా చేరాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు. దేశంలో 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రి అంటే పదినుంచి ఉదయం ఆరు వరకు. అదే సంవత్సరం ఆగస్టులో చెన్నైలోని ఒక సంఘానికీ చుట్టుపక్కల నివాసులకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇతరుల శాంతికి భంగం కలిగిస్తూ ప్రార్థించమని గాని, లౌడ్‌స్పీకర్లతో ప్రార్థించమని గాని ఏ మతమూ చెప్పదని ఆ తీర్పు సారాంశం. ఇది ఒక్క క్రైస్తవులకే కాదు, అన్ని మతాలవారికీ వర్తించే మాట. కాని ఆ వ్యాజ్యంలో నిలబడినది ఒక సంఘమని మనం మరువరాదు. పక్కింట్లో పరీక్షకు చదువుకుంటున్న పిల్లవాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్న నర్సమ్మ, వారు కూడా మన పొరుగువారే. పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రసంగించే శబ్దమే ఆ పొరుగువాడికి నిద్ర లేకుండా చేస్తే, అతడు మన వాక్యాన్ని ఎలా నమ్ముతాడు?

శబ్దం హెచ్చితే భక్తి హెచ్చినట్టు కాదు. కర్మెలు పర్వతం మీద పొద్దుటినుంచి కేకలు వేసినవారు బయలు ప్రవక్తలు. ఇంకా గట్టిగా పిలవండని ఏలీయా వారిని ఎగతాళి చేశాడు. అతని ప్రార్థన మాత్రం క్లుప్తం. ఆ ఏలీయాకే హోరేబులో దేవుడు గాలిలోనూ, భూకంపంలోనూ, అగ్నిలోనూ కాక, వాటి తరువాత వచ్చిన మెల్లని స్వరంలో వినబడ్డాడు.

"ఆత్మ పనిచేస్తే చాలు, మైకుతో పనేమిటి?" అని అనేవారున్నారు. నిజమే, హృదయాన్ని తెరిచేది మైకు కాదు. కాని ఎజ్రాకు పీట చేసినవారు ఆత్మను శంకించి చేయలేదు. తమ వంతు పని తాము చేశారు. ఆ వడ్రంగుల పేర్లు గ్రంథంలో లేవు. మన మిక్సరు దగ్గర కూర్చునే పిల్లలు కూడా అలాంటివారే. అంతా బాగుంటే వారు ఎవరికీ గుర్తురారు. ఏదైనా చెడితే అందరి చూపులూ వారిమీదే. దైవసేవకులకు నాదొక విన్నపం. దయచేసి వేదిక మీదినుంచి వారిని మందలించకండి. వారం మధ్యలో ఒకసారి పిలిచి, కూర్చోబెట్టి, కలిసి సరిచూడండి. వారికోసం కూడా పేరుపెట్టి ప్రార్థించండి.

మేము తెరలు కట్టి, స్పీకర్లు తిప్పి, ఎకో తీసేసి, శబ్దం పెంచడం మాని కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం మామ్మగారు తలుపు దగ్గర నన్ను ఆపారు. "నాయనా, అయ్యగారు ఈవేళ పొరబడ్డారు. పని తొందరలో పడింది మరియ అన్నారు. మార్త కదూ?" అని అడిగారు. నేను నవ్వాను. అయ్యగారికి చెబితే ఆయనా నవ్వి, మరుసటి వారం సంఘం ఎదుట దిద్దుకున్నారు. ఆ సంఘంలో నా సేవకు దక్కిన మెప్పు ఏదైనా ఉంటే అదే. ఆమె ప్రసంగంలో తప్పు పట్టగలిగారు, ఎందుకంటే ప్రతి మాటా విన్నారు.

కనుక ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికి బయలుదేరే ముందు, మీ మందిరంలో అందరికన్నా వెనుక కూర్చున్నవారి దగ్గరకు వెళ్ళి, "వందనాలండీ, ఈవేళ వాక్యం వినబడిందా?" అని ఒక్క మాట అడగండి. వారు చెప్పే జవాబునుంచే మీ పని మొదలుపెట్టండి.